తామరనూ కలువనూ పద్ధతిగా పోల్చడం ఎలా? సరిహద్దు జిల్లాల విద్యార్థులకు, టీచర్లకు సమగ్ర మార్గదర్శి

"రెండు పూలమొక్కలను పోల్చి ప్రాజెక్టు రాయమన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?" ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు చదువుకునే మన పిల్లలూ, వాళ్ల టీచర్లూ ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. చాలా ప్రాజెక్టులు ఒకే తీరుగా ఉంటున్నాయి. పేజీకి మధ్యలో గీత, ఎడమవైపు ఒక మొక్క, కుడివైపు ఇంకొకటి, కింద రంగు, ఎత్తు, ఉపయోగాలు. రెండు వర్ణనలను పక్కపక్కన పెట్టినంత మాత్రాన పోలిక అవదు. రెండు మొక్కల్లోనూ ఒకే భాగాన్ని, ఒకే వయసులో, ఒకే ప్రశ్నతో చూడాలి. చూశాక ఆ పోలిక పుట్టుకతో వచ్చిందా, బతుకు తీరువల్ల వచ్చిందా అన్నది తేల్చాలి. అసలు కష్టమంతా ఈ రెండో పనిలోనే ఉంది.

## 1. జంటను ఎంచుకోండి, సాక్షి మొక్కలను మరవకండి

పైకి ఒకేలా కనిపిస్తూ పుట్టుకలో దూరమైన జంట అయితే నేర్చుకునేది ఎక్కువ. తామర, కలువ అందుకు సరిగ్గా సరిపోతాయి. రెండూ చెరువులో పెరుగుతాయి, బురదలో దుంప ఉంటుంది, గుండ్రటి ఆకు, పొడవాటి కాడ, పెద్ద పువ్వు. తీరా చూస్తే పూలమొక్కల వంశవృక్షంలో ఈ రెండింటి మధ్య దూరం చాలా ఎక్కువ.

తామర శాస్త్రీయ నామం నెలుంబో న్యూసిఫెరా. కలువలో మన చెరువుల్లో ముఖ్యంగా రెండు దొరుకుతాయి. నీలం పూలవి నింఫియా నౌచాలి, వీటినే నల్ల కలువలంటారు. తెలుపు నుంచి ఎరుపు దాకా ఉండేవి నింఫియా ప్యుబెసెన్స్. ప్రాజెక్టుకు వీటిలో ఒకదాన్నే తీసుకోండి. "కలువ" అని మాత్రమే రాసి రెండింటి కొలతలూ కలిపేస్తే లెక్క తప్పుతుంది.

రెండు మొక్కలు మాత్రమే చేతిలో ఉంటే ఏ లక్షణం పాతదో, ఏది కొత్తదో చెప్పలేం. అందుకే మరో రెండు మొక్కలను సాక్షులుగా పెట్టుకోండి: ఒకటి వరి, రెండోది కోరాపుట్ కొండల మీద కాఫీ తోటల్లో నీడకు పెంచే సిల్వర్ ఓక్. కొండమీది ఆ చెట్టుకీ చెరువులోని తామరకీ ఏమిటి సంబంధం అన్న సంగతి తొమ్మిదో అంచెలో వస్తుంది.

## 2. సిద్ధం కావడం

ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మంచి సమయం. పువ్వూ కాయా ఒకే చెరువులో దొరికే వీలుంటుంది. రెండు మొక్కలూ ఒకే చెరువులో ఉంటే ఇంకా మంచిది, నీటి లోతు, ఎండ రెండింటికీ ఒకటే కాబట్టి. అలా కుదరకపోతే రెండు చెరువుల లోతునూ విడిగా రాసుకోండి.

పట్టుకెళ్లాల్సినవి:

- స్టీలు స్కేలు, కుట్టుపని టేపు, కొత్త బ్లేడు
- పది రెట్లు పెద్దదిగా చూపించే చేతి భూతద్దం
- తెల్ల కాగితాలు, పెన్సిలు (తడిస్తే పెన్ను రాత అలుక్కుపోతుంది)
- రెండు రంగుల ఊలు దారం, మొగ్గలకు గుర్తు కట్టడానికి
- పలుచటి గుడ్డ సంచులు, కాయకు తొడగడానికి
- ప్లాస్టిక్ సంచులు, ఒక బకెట్టు
- ఉంటే పుల్లలాంటి మొన ఉన్న డిజిటల్ థర్మామీటరు

మన వైపు చాలా చెరువులు చేపల పాటకు ఇచ్చినవే. పాట పాడుకున్నవాళ్లను అడిగి దిగండి. ఒంటరిగా దిగొద్దు, నడుము లోతు దాటొద్దు. తామర దుంపలున్న చోట బురద కాలిని వదలదు, కాడలు కాళ్లకు చుట్టుకుంటాయి. గట్టు పక్కనే దొరికే పువ్వు చాలు, లోపలికి వెళ్లాల్సిన అవసరం లేదు. దుంప మొత్తం పెకలించకండి. ఈ పోలికకు ఆకు, కాడ, పువ్వు, కాయ సరిపోతాయి.

పేర్ల విషయంలో ఒక జాగ్రత్త. ఒడియాలో తామర పద్మ, కలువ కొయిఁ. చెరువు దగ్గర ఎవరినైనా పువ్వు తెమ్మంటే ఏ పేరు వాడినా ఆకు ఆనవాలు కూడా చెప్పండి. నోటుబుక్కులో తెలుగు పేరు, ఒడియా పేరు, శాస్త్రీయ నామం మూడూ రాయండి.

## 3. కోయకముందే రాయాల్సినవి

గట్టు మీదికి తెచ్చాక ఇవి మళ్లీ దొరకవు:

- ఆకు నీటి మీద తేలుతోందా, నీటిపైకి లేచి నిలబడిందా?
- పువ్వు నీటికి ఎంత ఎత్తులో ఉంది?
- ఏ సమయానికి విచ్చుకుంది, ఎప్పుడు ముడుచుకుంది?
- కాయ నీటిపైన ఉందా, లోపల ఉందా?

విచ్చుకునే సమయం దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. తామర పొద్దున్నే విచ్చుకుంటుంది. కలువ అనగానే వెన్నెల గుర్తొస్తుంది. అది తెల్ల, ఎర్ర కలువలకు నిజమే, అవి పొద్దుగూకాక విచ్చుకుని మర్నాడు పొద్దెక్కాక ముడుచుకుంటాయి. నల్ల కలువ మాత్రం పగలే పూస్తుంది. అందుకే "కలువ రాత్రి పూస్తుంది, తామర పగలు పూస్తుంది" అన్న వాక్యం రాసేముందు మీ కలువ ఏదో చూసుకోండి.

## 4. ఆకు

తామరాకు గుండ్రంగా, అంచు ఎక్కడా చీలకుండా ఉంటుంది. కాడ ఆకు నడిమధ్యన అతుక్కుంటుంది. కలువాకుకు అంచు నుంచి కాడ దాకా చీలిక ఉంటుంది. కొన్ని కలువాకుల్లో కాడ అంచుకు కాకుండా కాస్త లోపలికి అతుక్కుని ఉంటుంది. కాబట్టి "కాడ మధ్యలో ఉందా?" అని కాక "చీలిక ఉందా?" అని అడగండి. రెండోదానికి జవాబు తేల్చి చెప్పొచ్చు.

లేత తామరాకులు కూడా నీటి మీద తేలుతాయి. ముదిరినవే పైకి లేస్తాయి. లేత తామరాకును ముదురు కలువాకుతో పోలిస్తే రెండూ తేలుతున్నాయని రాసేస్తారు. రెండింటిలోనూ పూర్తిగా విచ్చుకున్న, అంచు ఎండని ఆకులే తీసుకోండి. ఒక్కో మొక్కవి పదేసి ఆకులు కొలిచి, సగటుతో పాటు అతి చిన్నదీ అతి పెద్దదీ రాయండి.

ఇక నీటిబొట్టు పరీక్ష. తామరాకు మీద నీటిబొట్టు అని మాటల్లో అనేస్తాం కానీ దాన్ని దగ్గరగా చూసేవాళ్లు తక్కువ. ఆకును చదునుగా పరిచి డ్రాపరుతో ఒక్క బొట్టు వేయండి. ఫోను ఆకు మట్టానికి దించి పక్కనుంచి ఫోటో తీయండి. తామరాకు మీద బొట్టు దాదాపు పూర్తి గుండ్రంగా నిలుస్తుంది. ఆకును కాస్త వంచితే దుమ్మును కూడా తీసుకుని జారిపోతుంది. ఆకు పైపొర మీద కంటికి కనిపించని గుబ్బలు, వాటి మీద సన్నటి మైనపు పూత ఉండటమే కారణం. మైనమొక్కటే కాదు, ఆ గరుకుతనమే ఆకును శుభ్రంగా ఉంచుతోందని బార్త్‌లాట్, నైన్‌హూయిస్ అనే శాస్త్రవేత్తలు 1997లో వివరించారు.

ఇప్పుడు అదే ఆకు మీద ఒక చోట వేలితో గట్టిగా రుద్ది అక్కడ బొట్టు వేయండి. బొట్టు చదునుగా పరుచుకుంటుంది. ఆకు అడుగున కూడా ఒక బొట్టు వేసి చూడండి. తర్వాత ఈ మూడూ కలువాకు మీద చేయండి. కలువాకు నున్నగా ఉంటుంది కాబట్టి నీరు జారుతుంది, కానీ బొట్టు తామరాకు మీద ఉన్నంత గుండ్రంగా నిలవదు. జారిందా లేదా అన్నది కాదు, బొట్టు ఆకారం రాయండి.

## 5. కాడ

తామర తూడును వేళ్లతో తడిమితే చిన్న చిన్న ముళ్లు తగులుతాయి. నల్ల కలువ కాడ నున్నగా ఉంటుంది. తామర తూడును పుటుక్కున విరిచి రెండు ముక్కలనూ మెల్లగా దూరం జరపండి. మధ్యలో సన్నటి పోగులు సాగుతాయి. నీటిని మోసే నాళాల గోడల్లో చుట్లు చుట్లుగా ఉండే దళసరి భాగమే అలా విడివడి సాగుతుంది. కలువ కాడలో ఆ తీరు పోగులు కనిపించవు. సంతలో కూరకు అమ్మే కలువ కాడల కట్ట దొరికితే ఈ అంచెకు చెరువుదాకా వెళ్లక్కర్లేదు.

రెండింటినీ బ్లేడుతో అడ్డంగా కోసి భూతద్దంతో చూడండి. రెండింటిలోనూ గాలి గొట్టాలున్నాయి. ఎన్ని, ఏవి పెద్దవి, ఏ వరసలో ఉన్నాయో బొమ్మ గీయండి. జానెడు ముక్క ఒక కొసను నీళ్లలో ముంచి రెండో కొస నుంచి సూది తీసిన సిరంజితో గాలి పంపితే బుడగలొస్తాయి. చెరువు నీటి కాడను నోటితో ఊదొద్దు.

## 6. పువ్వు

ఈ అంచెకు కనీసం మూడు రోజులు కేటాయించండి. రెండు మొక్కల పూలూ మొదటి రోజు ఒకలా, తర్వాత ఇంకోలా ఉంటాయి. రెండింటిలోనూ ముందు కీలాగ్రం (పుప్పొడిని అందుకునే భాగం) సిద్ధమవుతుంది, తర్వాతే పుప్పొడి రాలుతుంది. మొదటి రోజు కలువ మధ్యలో కీలాగ్రాల పళ్లెం తడిగా, ద్రవంతో నిండి ఉంటుంది. తర్వాతి రోజుకు అది ఆరిపోతుంది, కేసరాలు పగులుతాయి. తామరలోనూ మొదట కీలాగ్రాలు తడిగా మెరుస్తాయి, కేసరాలు మూసే ఉంటాయి. కాబట్టి మొదటి రోజు తామరను రెండో రోజు కలువతో పోలిస్తే, రెండు మొక్కల తేడా అనుకుని రెండు రోజుల తేడాను రాస్తారు.

ఊలు దారం ఇందుకే. విచ్చుకోబోయే మొగ్గల కాడకు ఒక రంగు దారం కట్టి తేదీ రాసుకోండి. కోసేటప్పుడు మొదటి రోజు పువ్వు ఒకటి, రెండో రోజు పువ్వు ఒకటి, రెండు మొక్కలవీ తీసుకోండి. బజారులో కొన్న తామరలతో ఈ పని కుదరదు. అవి మొగ్గలుగా కోసినవి, రేకులు చేత్తో విప్పి ఉంటాయి.

తెల్ల కాగితం మీద బయటి నుంచి లోపలికి ఒక్కో భాగాన్నీ విడదీసి వరసగా పేర్చండి.

రక్షక పత్రాలు: కలువలో నాలుగు, స్పష్టంగా, కాయ అయ్యేదాకా ఉండిపోతాయి. తామరలో కొద్దిగా ఉండి త్వరగా రాలిపోతాయి, రేకులకూ వాటికీ మధ్య గీత గీయడం కష్టం. లెక్క తేలకపోతే "తేలలేదు" అనే రాయండి, బలవంతంగా అంకె వేయకండి.

కేసరాలు: రెండింటిలోనూ బోలెడు. కలువలో బయటి కేసరాల కాడలు వెడల్పుగా, లోపలికి వచ్చేకొద్దీ సన్నగా ఉంటాయి. తామర కేసరం కొసన తెల్లటి చిన్న కొన కనిపిస్తుంది. దీన్ని చూసి తామర ప్రత్యేకత అని రాయబోతారు. ఆగండి, నల్ల కలువ కేసరం కొసన కూడా ఒక కొన ఉంటుంది.

అండాశయం: ఇక్కడే అసలు తేడా బయటపడుతుంది. తామర మధ్యలో గరాటు ఆకారపు పుష్పాసనం (పువ్వు భాగాలు అమరి ఉండే పీఠం) ఉంటుంది. దాని చదునైన పైభాగంలో గుంటలు, ఒక్కో గుంటలో విడివిడిగా ఒక్కో ఫలదళం (అండాలను దాచుకునే భాగం), ఒక్కో ఫలదళంలో ఒకే అండం. నిలువుగా కోస్తే గుంటల్లోంచి ఫలదళాలు వాటంతటవే ఊడి వస్తాయి. కలువను అడ్డంగా కోయండి. ఫలదళాలన్నీ గుండ్రంగా ఒకదానికొకటి అతుక్కుని గదులుగా ఉంటాయి, ఒక్కో గదిలో గోడల నిండా లెక్కలేనన్ని అండాలు. తేడా బాగా తెలియాలంటే తామరను నిలువుగానూ అడ్డంగానూ, కలువను కూడా రెండు తీర్లలోనూ కోసి నాలుగు బొమ్మలు గీయండి. ఒకదాన్ని నిలువుగా, ఇంకోదాన్ని అడ్డంగా కోసి పోల్చేవాళ్లే ఎక్కువ.

థర్మామీటరు ఉన్నవాళ్లకు ఒక అదనపు పని. తామర పువ్వు తనంతట తాను వేడి పుట్టిస్తుంది. బయట గాలి 10 నుంచి 30 డిగ్రీల మధ్య మారుతున్నా పువ్వు లోపల 30 నుంచి 36 డిగ్రీల దాకా నిలబెట్టుకుంటుంది. ఇంకా పూర్తిగా విచ్చుకోని మొదటి రోజు పువ్వులో, తెల్లవారుజామున, పుష్పాసనానికీ కేసరాలకూ మధ్య మొన పెట్టి చూడండి. పక్కనే నీడలో గాలి ఉష్ణోగ్రత కూడా అదే నిమిషంలో రాయాలి. మన వైపు వానాకాలపు రాత్రులు వెచ్చగానే ఉంటాయి కాబట్టి తేడా చిన్నదిగా రావచ్చు. వచ్చిందే రాయండి.

## 7. కాయ, గింజ

తామర కాయ నీటిపైనే ముదురుతుంది. కలువ కాయ నీటిలోపలికి దిగిపోయి అక్కడ మెత్తబడి పగులుతుంది. అందుకే పువ్వు ఆఖరిసారి ముడుచుకోగానే గుడ్డ సంచి తొడిగి కట్టేయాలి, లేకపోతే గింజలు చేతికి రావు. కలువ గింజలు ఆవాల కన్నా చిన్నవిగా, పైన జిగురు తొడుగుతో ఉంటాయి. ఆ తొడుగువల్ల కాసేపు తేలి తర్వాత మునుగుతాయి. నీళ్ల గ్లాసులో వేసి ఎంతసేపు తేలాయో చూడండి.

తామర గింజ రాయిలా గట్టిది. ఈశాన్య చైనాలో ఎండిన చెరువు అడుగున దొరికిన, దాదాపు 1300 ఏళ్ల నాటి తామర గింజ మొలకెత్తిందని 1995లో ప్రచురించారు. అంత గట్టి తొడుగు నీటిని లోపలికి రానివ్వదు. కాబట్టి ఒక కొసను గరుకు రాతి మీద లోపలి పప్పు కాస్త కనిపించేదాకా అరగదీసి నీళ్లలో వేయండి, నీళ్లు రోజూ మార్చండి. పూజా సామాన్ల కొట్టులో విడిగింజలు అడగండి. మాలలోని పూసలకు రంధ్రం చేసి ఉంటుంది, అవి మొలవవు.

నానిన తామర గింజను రెండు బద్దలుగా విప్పితే మధ్యలో ఆకుపచ్చటి మొలక కనిపిస్తుంది. ఆహారమంతా ఆ రెండు బీజదళాల్లోనే ఉంటుంది. కలువ గింజలో పిండం చాలా చిన్నది, ఆహారం దాని బయట పరిచ్ఛదం (పెరిస్పెర్మ్) అనే భాగంలో ఉంటుంది.

## 8. పుప్పొడి

స్కూల్లో మైక్రోస్కోప్ ఉంటే దీన్ని వదలకండి. పగిలిన కేసరాన్ని స్లైడు మీద తట్టి, సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు ఒక చుక్క వేసి, 400 రెట్లలో చూడండి. తామర పుప్పొడి రేణువుల్లో ఎక్కువ భాగానికి మూడు గాడులుంటాయి. కలువ రేణువుకు చుట్టి వచ్చే ఒకే గాడి ఉంటుంది. వరికి ఒకే రంధ్రం. సిల్వర్ ఓక్ రేణువు ముక్కోణంగా, మూలకొక రంధ్రంతో ఉంటుంది. సిల్వర్ ఓక్ పూసేది వేసవి మొదట్లో కాబట్టి అప్పుడే మొగ్గలు కోసి, నీడన ఆరబెట్టి, కాగితపు కవరులో దాచండి.

ఒక రేణువు చూసి తేల్చేయొద్దు. రేణువు ఏ వైపు తిరిగి ఉందన్నదాన్ని బట్టి మూడో గాడి కనిపించకపోవచ్చు. కనీసం యాభై రేణువులు చూసి ఎన్నింటికి ఎన్ని గాడులో లెక్కపెట్టండి.

## 9. లక్షణాలను మూడు కుప్పలు చేయండి

ఇప్పటిదాకా పోగుచేసినవాటిని ఇలా విడదీయండి.

మొదటి కుప్ప: నీటి బతుకువల్ల వచ్చినవి. కాడలో గాలి గొట్టాలు, వెడల్పాటి గుండ్రటి ఆకు, ఆకు పైవైపునే పత్రరంధ్రాలు. బురదలో గాలి ఆడదు కాబట్టి ఏ వంశం మొక్క అయినా దుంపకు గాలి చేరే దారి చేసుకోవాల్సిందే. ఇవి చుట్టరికానికి సాక్ష్యం కావు.

రెండో కుప్ప: పాత లక్షణాలు. పుప్పొడికి ఒకే ద్వారం (గాడి గానీ రంధ్రం గానీ) ఉండటం పూలమొక్కల్లో పాత తీరు. కలువలోనూ వరిలోనూ అదే మిగిలింది. అంతమాత్రాన ఆ రెండూ దగ్గరివి కావు. రెండూ వదులుకోకుండా ఉంచుకున్న పాత లక్షణం చుట్టరికాన్ని చూపించదు.

మూడో కుప్ప: కొత్తగా వచ్చి, పంచుకున్నవి. పుప్పొడికి మూడు ద్వారాలు ఒక పెద్ద కొమ్మలో మాత్రమే వచ్చాయి. మామిడి, సిల్వర్ ఓక్, తామర అన్నీ ఆ కొమ్మలోవే. కలువకు ఇది లేదు.

ఈ మూడో కుప్పనుబట్టే నిర్ణయం చెప్పాలి. లిన్నేయస్ 1753లో తామరను కూడా నింఫియాలోనే చేర్చాడు, పైపోలికలు అంత బలమైనవి. జన్యు పరిశోధనలు వచ్చాక, 1998 నాటి ఏపీజీ (పూలమొక్కల వంశక్రమాన్ని తేల్చే శాస్త్రవేత్తల బృందం) వర్గీకరణ తామరను ప్రోటియేలిస్ అనే క్రమంలో, సిల్వర్ ఓక్ కుటుంబం పక్కన పెట్టింది. కలువల వంశం మిగతా పూలమొక్కల నుంచి చాలా తొలినాళ్లలోనే విడిపోయింది. దీని ప్రకారం కలువ కన్నా గుణుపురం పొలాల్లోని వరే తామరకు దగ్గర. ఈ వాక్యాన్ని మీ ప్రాజెక్టులో ధైర్యంగా రాయండి, పక్కన పుప్పొడి బొమ్మలు పెట్టండి. "నమ్మేట్టు లేదే" అని ఎవరైనా అంటే మూడు కుప్పలూ వరసగా చూపించండి.

## 10. తరచూ వచ్చే పొరపాట్లు, సరిచేసే దారి

- రంగు మొదటి వరసలో రాయడం. తామరలోనే తెలుపు, గులాబీ రెండూ ఉన్నాయి. రంగును చివరికి నెట్టండి.
- పట్టికలో ఒకవైపు ఖాళీ. తామర పుష్పాసనం గురించి రాసి కలువ దగ్గర గీత పెడతారు. ముందు ప్రశ్నను వరసగా రాసుకుని, తర్వాత రెండు వైపులా జవాబులు నింపండి.
- ఉపయోగాలతో పేజీలు నింపడం. పూజకూ కూరకూ వాడటం మన అలవాటు, మొక్క లక్షణం కాదు. ఒక వాక్యం చాలు.
- వాడిన పువ్వు. కోసిన రెండు గంటల్లో విడదీయలేకపోతే కాడను నీళ్లలో ఉంచి, తడి గుడ్డ కప్పి తీసుకురండి.
- ఇంటర్నెట్ ఫోటోలు. కలువ బొమ్మ కింద తామర పేరు ఉన్నవి చాలా కనిపిస్తాయి. మీ చెరువు, మీ ఫోటో, పక్కన స్కేలు పెట్టి తీయండి.
- అనుకున్న జవాబు రాలేదని టెన్షన్. అంకెలు మార్చొద్దు. ఆకు వయసు, పువ్వు రోజు, కోత దిశ ఈ మూడూ మళ్లీ సరిచూసుకోండి. చాలాసార్లు తేడా అక్కడే దొరుకుతుంది.

## 11. చెరువు అందుబాటులో లేకపోతే

ఇదే పద్ధతిని గట్టు నేల మీద నాగజెముడు, బొంతజెముడు జంటతో చేయొచ్చు. రెండూ దళసరి పచ్చటి కాండంతో, ముళ్లతో ఒకేలా కనిపిస్తాయి. ఒకటి కాక్టస్ కుటుంబం, రెండోది ఆముదం కుటుంబం. ఇక్కడ మొదటి కుప్పకు ఎండ, నీటి ఎద్దడి కారణాలవుతాయి. మూడో కుప్పకు పువ్వే ఆధారం, కాబట్టి పూత చూసి మొదలుపెట్టండి. బొంతజెముడును కోసేటప్పుడు కారే తెల్లపాలు కంట్లో పడితే ప్రమాదం. కళ్లద్దాలు, చేతికి తొడుగులు లేకుండా పిల్లలచేత కోయించొద్దు. పడితే వెంటనే శుభ్రమైన నీళ్లతో చాలాసేపు కడిగి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.